ఒక వేదిక – రెండు లిపులు

మానవుడు సృష్టించుకున్న కళలలో నాటకానికి ఒక ప్రత్యేకత ఉన్నది. కావ్యాన్ని ఆస్వాదించడానికి అక్షరజ్ఞానం కావాలి. నాటకానికి కన్నూ చెవీ ఉంటే చాలు. అక్షరం రాని పాలేరు, ఆరు శాస్త్రాలు చదివిన పండితుడు ఒకే చాప మీద కూర్చుని ఒకే ఘట్టానికి కంట తడి పెట్టుకోగలరు. ఆ తడికి చదువుతో నిమిత్తం లేదు.

మన కళాశాల వంటి విద్యాలయంలో ఈ మాటకు మరింత అర్థం ఉన్నది. ఇక్కడ ఒక గదిలో ఎడమ నుండి కుడికి వ్రాసే తెలుగు, పక్క గదిలో కుడి నుండి ఎడమకు వ్రాసే ఉర్దూ. ప్రకటన బోర్డు మీద ఒకే విషయాన్ని రెండు కాగితాలుగా అంటించవలసి వస్తుంది. గండిపేట బస్సు ఎక్కిన తరువాత మాత్రం మన విద్యార్థులు ఒకే కలగలుపు భాషలో వాదించుకుంటారు, నవ్వుకుంటారు. మాటకు లేని గోడ లిపికి ఉన్నదన్నమాట. ఆ గోడను దాటడానికి మన పెద్దలు కనిపెట్టిన మార్గాలలో నాటకం ఒకటి అని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి ఆధారాలను విద్యార్థినీ విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాటక పరిచయం అనే పాఠాన్ని కొంతకాలంగా నేను బోధిస్తున్నాను. మొదటి రోజున, “మీలో నాటకం చూసినవారు ఎందరు?” అని అడగడం నాకు అలవాటు. ఈ సంవత్సరం నలభై మందిలో నాలుగు చేతులు లేచాయి. ఆ నలుగురిలో ఇద్దరు చూసినది బడిలో జరిగిన ఏకపాత్రాభినయం. తక్కినవారికి నాటకమంటే పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. అందువల్ల కథను మొదటి నుండి చెప్పవలసి వచ్చింది.

ప్రాచీన గ్రీసు దేశంలో దేవతోత్సవాలలో బృందగానం చేసేవారు. ఆ బృందంలో నుండి థెస్పిస్ అనే ఆయన విడిగా నిలబడి పాత్రధారిగా మాట్లాడినాడని, క్రీ.పూ. 534లో ఏథెన్సు నగరంలో బహుమతి పొందినాడని చెబుతారు. తరువాత ఈస్కిలస్ రెండవ నటుణ్ణి, సోఫోక్లిస్ మూడవ నటుణ్ణి ప్రవేశపెట్టారు. ఇది చిన్న మార్పుగా కనబడవచ్చు. కాని ఆలోచించి చూడండి. ఒక్కడే నిలబడి చెబితే అది కథ. ఎదుట రెండవవాడు నిలబడి “కాదు” అన్న క్షణాన నాటకం పుట్టింది. ఎదుటివాని మాటకు చోటివ్వడమే నాటకానికి ప్రాణం. వారి ప్రేక్షకులు కొండవాలులో మెట్లు మెట్లుగా కూర్చునేవారు. క్రింద చదునైన నేల మీద ప్రదర్శన జరిగేది. ఈ ఏర్పాటును చెప్పడానికి నేను బొమ్మ గీయను. “గండిపేట కట్ట వాలు మీద మీరంతా కూర్చున్నారనుకోండి, క్రింద తోటలో ఆట ఆడుతున్నారనుకోండి” అంటాను. వెంటనే అర్థమవుతుంది.

మన దేశంలో భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఒక చక్కని కథ ఉన్నది. వేదాలను వినే అధికారం అందరికీ లేదు గనుక, అన్ని వర్ణాల వారికీ అందే అయిదవ వేదంగా బ్రహ్మ నాట్యాన్ని సృష్టించాడట. ఋగ్వేదం నుండి పాఠ్యాన్ని, సామవేదం నుండి గానాన్ని, యజుర్వేదం నుండి అభినయాన్ని, అథర్వవేదం నుండి రసాన్ని గ్రహించాడట. ఇంద్రుని ధ్వజోత్సవంలో మొదటి ప్రదర్శన. కథ ఏమిటి? దేవతలు గెలవడం, అసురులు ఓడడం. చూస్తున్న అసురులకు కోపం వచ్చింది. విఘ్నాలు నటుల మాటను, కదలికను స్తంభింపజేశాయి. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని తరిమికొట్టాడు. విశ్వకర్మ నాట్యగృహం కట్టి ఇచ్చాడు. అయితే కథ అంతటితో ముగియలేదు. బ్రహ్మ అసురులను పిలిచి సమాధానపరిచాడు. ఈ నాట్యం మీ ఒక్కరిదీ కాదు, దేవతల ఒక్కరిదీ కాదు, మూడు లోకాల నడవడికి ఇది అనుకరణ అన్నది ఆయన చెప్పినదాని సారాంశం. కర్రతో మొదటి రోజు గడిచింది గాని, నాట్యం నిలిచినది ఈ మాట వల్లనే. ఒక వర్గాన్ని చిన్నబుచ్చే ఆట ఎంత బాగా ఆడినా అది సగం నాటకమే అని ఆ గ్రంథకర్తకు తెలుసు.

సంస్కృత నాటకాలలో మరొక విశేషం ఉన్నది. వాటిని సంస్కృత నాటకాలని అంటున్నాము గాని, అవి కేవలం సంస్కృతంలో లేవు. రాజు, మంత్రి సంస్కృతం మాట్లాడితే, స్త్రీలలో చాలామంది, సేవకులు, సామాన్యులు ప్రాకృతాలు మాట్లాడతారు. శూద్రకుని మృచ్ఛకటికంలో పాత్రకు తగినట్లు పలు ప్రాకృతాలు వినిపిస్తాయి. ఒకరి భాషలో ఒకరు మాట్లాడకపోయినా ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంటుంది. భాషలలో హెచ్చుతగ్గులను పాటించిన సమాజమే అయినా, వేదిక మీద మాత్రం అన్నిటికీ చోటు ఇచ్చింది. మన బస్సులో జరిగేది కూడా ఇదే కదా!

తెలుగుదేశానికి వస్తే ఒక వింత కనబడుతుంది. మన పూర్వకవులు సంస్కృత నాటకాలను నాటకాలుగా తెనిగించలేదు, కావ్యాలుగా మార్చారు. కాళిదాసు శాకుంతలం పిల్లలమర్రి పినవీరభద్రుని చేతిలో పదిహేనవ శతాబ్దంలో శృంగార శాకుంతలమనే ప్రబంధమైంది. పండితులు నాటకాన్ని గ్రంథంలో దాచుకున్న ఆ శతాబ్దాలలో పామరులు దానిని వీధిలో బ్రతికించుకున్నారు. అదే యక్షగానం. అదే వీధి భాగవతం. మన తెలంగాణా పల్లెలలో దానినే భాగోతం అంటారు. చిందు కళాకారులు తరతరాలుగా ఈ విద్యను కాపాడారు. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ పురుష పాత్రలు కూడా ధరించి ప్రఖ్యాతి పొందిన మహానటి. జనగామ ప్రాంతానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. వీధిలో ఆడినవారిని దేశం గుర్తించడానికి ఇంత కాలం పట్టింది.

మా ఊరు చేవెళ్ళ దారిలో ఉన్నది. మా చిన్నతనంలో పంట ఇంటికి వచ్చిన తరువాత భాగోతం వారు వచ్చేవారు. ఇద్దరు మనుషులు పట్టుకున్న దుప్పటే తెర. దాని పైనుండి కిరీటపు కొన కనబడగానే పిల్లలమంతా లేచి నిలబడేవాళ్ళం. పెట్రోమాక్సు దీపాలను అద్దెకు ఇచ్చే తాత ఒకాయన పక్క వీధిలో ఉండేవాడు. ఆయన ముసల్మాను. ఐదు పూటలా నమాజు చేసేవాడు. దీపాలకు గాలి కొట్టడానికి రాత్రంతా రంగస్థలం పక్కనే కూర్చోవలసి వచ్చేది గనుక, ఆయనకు భాగోతంలోని పాటలన్నీ నోటికి వచ్చినవి. వేషగాడు పాట మరచిపోయినప్పుడు దీపం సరిచేసే నెపంతో దగ్గరకు వెళ్ళి మెల్లగా అందించేవాడు. ఆయన తెలుగులో సంతకం కూడా చేయలేడని పెద్దయిన తరువాత తెలిసింది. సంతకం రాని భాషలో ఆయనకు రాత్రికి సరిపడా సాహిత్యం కంఠస్థం. లిపికీ భాషకూ తేడా ఏమిటో నాకు మొదట బోధించినవాడు ఆయనే.

చరిత్రలో ఇటువంటి సాక్ష్యాలు చాలా ఉన్నాయి. తంజావూరును ఏలిన మరాఠా ప్రభువు షాహజీ (1684–1712) తెలుగులో యక్షగానాలు వ్రాసినాడు. పంచభాషా విలాసమనే నాటకాన్ని అయిదు భాషలలో కూర్చినాడు. అందులో రాజకుమార్తెలు ఎవరి భాషలో వారు మాట్లాడతారు. మరాఠీ మాతృభాషగా గల రాజు తమిళదేశంలో కూర్చుని తెలుగులో నాటకాలు వ్రాయడం చూస్తే, భాష అనేది కులధనం వలె దాచుకొనేది కాదని తెలుస్తుంది.

మనకు దగ్గరగా గోల్కొండ ఉన్నది. కడపటి కుతుబ్ షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి వారి ప్రదర్శనను చూసి ముగ్ధుడై, ఆ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినాడని కూచిపూడి సంప్రదాయం చెబుతున్నది. పర్షియను చదివిన సుల్తాను తెలుగు భామాకలాపానికి తల ఊపిన ఆ ఘడియను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆనందం కలుగుతుంది. గోల్కొండ నుండి గండిపేట వచ్చే దారిలో ఉన్న తారామతి బారాదరి ఆ కాలపు సంగీత నృత్యాల జ్ఞాపకాన్నే మోస్తున్నది. నేడు అక్కడ నాటకాలు కూడా ప్రదర్శిస్తున్నారు. ఆ దారిన రోజూ బస్సులో వచ్చే విద్యార్థులు ఒకసారి కిటికీ నుండి తల తిప్పి చూడాలని కోరుతున్నాను.

ఉర్దూ నాటకం కథ కూడా ఇంత రమ్యమైనదే. 1853 ప్రాంతంలో లక్నోలో ఆగా హసన్ అమానత్ రచించిన ఇందర్ సభ పాటలతో, నృత్యాలతో జనాన్ని ఉర్రూతలూగించింది. పేరు చూడండి: ఇంద్రుని సభ! ఉర్దూ నాటకానికి తొలి వైభవం తెచ్చిన రచనలో కొలువుతీరిన రాజు దేవేంద్రుడు. బొంబాయి పార్సీ కంపెనీలు ఆ ఫక్కీని దేశమంతటా త్రిప్పాయి. ఆగా హష్ర్ కాశ్మీరీ షేక్స్పియరును ఉర్దూ వేదిక మీదికి తెచ్చారు. 1954లో హబీబ్ తన్వీర్ ఢిల్లీలో ఆగ్రా బజార్ నాటకాన్ని తయారుచేసినప్పుడు, జామియా మిల్లియా విద్యార్థులను, పక్కనున్న ఓఖ్లా గ్రామస్థులను కలిపి వేదిక ఎక్కించారు. కళాశాల, గ్రామం కలిస్తే ఎంత గొప్ప నాటకం పుట్టగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన హైదరాబాదులో 1970లలో ఖాదిర్ అలీ బేగ్ న్యూ థియేటర్ ఆఫ్ హైదరాబాద్ ద్వారా ఉర్దూ నాటకానికి కొత్త ఊపు తెచ్చారు. ఆయన 1984లో మరణించారు. ఆయన పేరిట కుమారుడు మహమ్మద్ అలీ బేగ్ 2005లో స్థాపించిన సంస్థ నేటికీ నాటకోత్సవాలు జరుపుతున్నది.

ఇక ఆధునిక తెలుగు నాటకం. ఈ భాగాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ధార్వాడ నాటక సమాజం వారు తెలుగుదేశానికి వచ్చి హిందీ నాటకాలు ప్రదర్శించారు. వారు రాజమహేంద్రవరంలో వేసిన పాక వారు వెళ్ళిన తరువాత ఖాళీగా మిగిలింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ పాకను ఉపయోగించుకుని 1880లో తెలుగు ప్రదర్శనలు చేయించారు. నటులు ఎవరు? ఆయన విద్యార్థులు. ఆ తొలి రచనలలో ఒకటైన వ్యవహార ధర్మబోధిని ప్లీడర్ల అక్రమాలను ఎత్తిచూపిన ప్రహసనం. అనగా ఒక అధ్యాపకుడు, కొందరు విద్యార్థులు, పరభాష వారు విడిచి వెళ్ళిన ఒక పాక – ఆధునిక తెలుగు రంగస్థలానికి పెట్టుబడి ఇంతే. పంతులుగారి జన్మదినమైన ఏప్రిల్ 16ను నేడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఆ కాలంలోనే మచిలీపట్నంలో మరొక అద్భుతం జరిగింది. నాదెళ్ళ పురుషోత్తమకవి అనే తెలుగు పండితుడు 1880లలో ముప్పది రెండు హిందుస్థానీ నాటకాలు రచించాడు. భాష హిందుస్థానీ, లిపి తెలుగు! నటులు తెలుగువారు గనుక వారు చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాలలోనే వ్రాశాడు. తెలుగు అక్షరాలలో హిందుస్థానీ సంభాషణలను వల్లెవేసిన ఆ కుర్రవాళ్ళను ఊహించుకోండి. వారి ప్రస్తావన ఈ వ్యాసంలో మరల వస్తుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వంశీయులు కీచకవధ నాటకం ఆడారు. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు తామే బొమ్మల స్థానంలో నిలబడ్డాయి. పురుషులే స్త్రీ పాత్రలు ధరించే ఆ రోజులలో సురభి వారి ఇంటి ఆడవారే వేదిక ఎక్కారు. ఆ వంశాల వారు కొందరు నేడు మనకు దగ్గరలోని శేరిలింగంపల్లి సురభి కాలనీలో నివసిస్తున్నారు. మాయాబజారును ఆకాశంలో తేలే రథాలతో చూపించిన రేకందార్ నాగేశ్వరరావు, అందరి నోటా సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. ఇక గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1909లో మార్చి విస్తరించిన రూపంలో వెలువడింది. ఇంట్లో మాట్లాడే మాట గ్రంథంలోని మాటకంటె తక్కువది కాదని అది నిరూపించింది.

తెలుగు ప్రదర్శన కళలలో ముస్లిముల పాత్రను మన విద్యార్థులు విడిగా తెలుసుకోవలసి ఉన్నది. బుర్రకథ పితామహుడని పేరు పొందిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద కుటుంబంలో జన్మించారు. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి కథను ఆయన చెబుతుంటే వేలాది జనం నిశ్చేష్టులై వినేవారు. 1986లో పద్మశ్రీ పొందారు. ఆయన ఆత్మకథ పేరు పింజారి. తన కులవృత్తి పేరునే గ్రంథానికి శిరోనామంగా పెట్టుకున్న ఆత్మగౌరవం ఆయనది. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా కవి తెలుగు పద్యంలో ఎంత ప్రజ్ఞావంతుడో తెలుగు నాటకంలోనూ అంతటివాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన మా భూమి నాటకానికి ప్రేరణ జనగామ ప్రాంతంలో తన భూమి కోసం దేశముఖును ఎదిరించి హతుడైన షేక్ బందగీ జీవితం. ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసి వచ్చిందంటే, వేదిక మీది మాటకు ఎంత బలమున్నదో ఊహించవచ్చు.

గండిపేట పేరు చెప్పగానే పెద్దలకు నందమూరి తారక రామారావుగారి కుటీరం గుర్తుకు వస్తుంది. 1980లలో ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆయన ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నారు. ఆయన నటజీవితం మొదలైనది మాత్రం కళాశాల వేదిక మీదనే. విజయవాడలో చదువుకునే రోజులలో, అధ్యాపకులు విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోత్సాహంతో రాచమల్లుని దౌత్యమనే నాటకంలో నాగమ్మ పాత్ర ధరించారు. మీసం తీయడానికి ఒప్పుకోక మీసంతోనే నటించి “మీసాల నాగమ్మ” అనిపించుకున్నారు. కళాశాల నాటకాన్ని కాలక్షేపమని కొట్టిపారేసేవారు ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఇంతవరకు చెప్పినది పాఠం. ఇక పాఠం తరువాత జరిగిన సంగతి.

చరిత్ర విన్న విద్యార్థులు, “సార్, మనమే ఒకటి ఆడితే ఎట్లుంటది?” అన్నారు. కథ కోసం దూరం పోనక్కరలేదని చెప్పాను. మన ఎదుట ఉన్న ఉస్మాన్ సాగర్ జలాశయమే ఒక కథ. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచివేసింది. వేలాది ప్రాణాలు పోయాయి. అటువంటి ఆపద మరల రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో మూసీ మీద కట్టినదే మన గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. ఆ వరద రోజున అఫ్జల్ గంజ్ వద్ద, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకుని తానొక్కడు మిగిలాడు. రుబాయీలకు పేరొందిన ఆ మహాకవి ఆ దుఃఖాన్ని కూడా కవితగా మలిచాడు.

చింతచెట్టు కొమ్మల మీద ఒక రాత్రి – ఇదీ విద్యార్థులు ఎన్నుకున్న వస్తువు. కొమ్మ మీద చోటు కొద్ది. క్రింద నీరు పెరుగుతున్నది. ఎక్కినవారిలో తెలుగు మాట్లాడేవారున్నారు, ఉర్దూ మాట్లాడేవారున్నారు. ఇంకొకరు ఎక్కడానికి వస్తే చేయి అందించాలా, వద్దా? నాటకమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది.

ముసలమ్మ పాత్రకు తెలుగు సంభాషణలు వ్రాశాము. ఆ పాత్రను కోరుకున్నది ఉర్దూ మాధ్యమంలో చదివే అమ్మాయి. ఆమెకు తెలుగు మాట్లాడడం వచ్చును, చదవడం రాదు. మరునాడు ఆమె తెచ్చిన నోటుపుస్తకం చూసి నేను నిర్విణ్ణుడనయ్యాను. తెలుగు మాటలన్నీ ఉర్దూ అక్షరాలలో, కుడి నుండి ఎడమకు! అదే సమయంలో మొయినాబాదు దగ్గరి పల్లె నుండి వచ్చే కుర్రవాడు తనకు ఇచ్చిన ఉర్దూ సంభాషణలను తెలుగు అక్షరాలలో వ్రాసుకుని వచ్చాడు. వీరిద్దరిలో ఎవరూ పురుషోత్తమకవి పేరు ముందు విన్నవారు కారు. నేను ఆ పాఠం ఇంకా చెప్పలేదు. అవసరమే మచిలీపట్నపు ఉపాయాన్ని నూట నలభై సంవత్సరాల తరువాత గండిపేటలో మరల కనిపెట్టింది.

చిక్కులు లేకపోలేదు. ఉర్దూ అక్షరాలలో “ళ” లేదు. ఆ అమ్మాయి “నీళ్ళు” అన్న మాటను “నీల్లు” అని పలికేది. వరద నాటకంలో ఆ మాట నిమిషానికొకసారి వస్తుంది. “చెల్లె, నాలుక పైకి మడువు” అని కుర్రవాడు నేర్పాడు. అతనికి “ఖుదా” అన్నప్పుడు గొంతులో నుండి రావలసిన ధ్వని పలికేది కాదు. “భయ్యా, గొంతు గీరినట్టు అను” అని ఆమె నేర్పింది. మూడు వారాలకు ఆ “నీళ్ళు”, ఈ “ఖుదా” రెండూ స్వచ్ఛమయ్యాయి. ఒకే కళాశాలలో రెండేళ్ళుగా చదువుతున్న వారిద్దరూ అంతకు ముందు ఒకరి పేరు ఒకరు ఎరుగరు.

అమ్మాయి ఇంట్లో మొదట ఒప్పుకోలేదు. వేదిక ఎక్కడం మర్యాద కాదన్న అభిప్రాయం ఒకటి. సాయంత్రం ఆలస్యమైతే ఇల్లు చేరడం ఎట్లా అన్న భయం ఇంకొకటి. మొదటిది తాతల కాలం నాటిదని త్రోసివేయవచ్చు గాని, రెండవది న్యాయమైన భయం. అభ్యాసం నాలుగున్నరకే ముగించి, అయిదు గంటల బస్సుకు అందరూ కలిసి వెళ్ళే ఏర్పాటు చేసిన తరువాత ఆమె నానమ్మ అనుమతి ఇప్పించింది. అంతేకాదు, తన పెద్దలు చెప్పగా విన్న వరద కబుర్లు కూడా చెప్పి పంపింది. నాటకంలో ముసలమ్మ తన చీర కొంగు చింపి పరాయి బిడ్డను కొమ్మకు కట్టే ఘట్టం ఆ ఇంటి నుండి వచ్చినదే.

కళాశాల వెనుకనున్న రేకుల షెడ్డులో, అరువు తెచ్చిన రెండు దీపాలతో ఆ నాటకం ఒక్కసారి ప్రదర్శించాము. బల్లల మీద బల్లలు పేర్చి కొమ్మలు చేశాము. వచ్చినవారు అరవై మందికి మించరు. చివర కొంగు చింపిన చప్పుడు వెనుక వరుస దాకా వినిపించింది. ప్రదర్శన ముగిసిన తరువాత ఒక పెద్దమనిషి, “ఇది తెలుగు నాటకమా, ఉర్దూ నాటకమా? ఏ విభాగం లెక్కలో వ్రాయాలి?” అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. లెక్క వ్రాయడం వారి ధర్మం. నేను సమాధానం వెతుక్కునేలోగా ఆ అమ్మాయే అన్నది: “చెట్టు లెక్కలో రాయండి, సార్.”

ఆ రేకుల షెడ్డును వచ్చే సంవత్సరం నుండి వాహనాలు నిలిపే చోటుగా మార్చాలన్న ప్రతిపాదన ఉన్నదని తెలిసింది. వాహనాలకు నీడ కావాలి, నిజమే. కాని వారంలో రెండు సాయంత్రాలు, గంటన్నర సేపు ఆ షెడ్డును నాటకానికి విడిచిపెట్టవలసిందిగా కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను. తెర కోసం, దీపాల కోసం ధనం అడగడం లేదు. దుప్పటిని ఇద్దరు పట్టుకుంటే తెర అవుతుంది. వార్షికోత్సవంలో తెలుగుకు ఒక ప్రహసనం, ఉర్దూకు ఒక ప్రహసనం అని పంచి ఇచ్చే బదులు, రెండు భాషలూ కలిసిన ఒక నాటకానికి అరగంట కేటాయిస్తే చాలు. రాజమహేంద్రవరంలో ఒక పాక ఎంత పని చేసిందో పైన మనవి చేశాను.

ముసలమ్మ పాత్ర ధరించిన అమ్మాయికి ఇది ఆఖరి సంవత్సరం. వెళ్ళేముందు ఆమె తన నోటుపుస్తకాన్ని నాకు ఇచ్చింది. దాని పక్కనే కుర్రవాని నోటుపుస్తకం ఉంచాను. ఒకటి కుడివైపు నుండి తెరవాలి, ఇంకొకటి ఎడమవైపు నుండి. రెండింటిలోనూ ఉన్నది ఒకే నాటకం. ఆ రెండు పుస్తకాలూ తెలుగు శాఖ బీరువాలో ఉన్నాయి. వచ్చే సంవత్సరం చేరబోయే విద్యార్థినీ విద్యార్థులలో ఆసక్తి గలవారు వచ్చి అడిగి తీసుకోవచ్చును. ముసలమ్మ పాత్ర ఖాళీగా ఉన్నది.